మంచిరోజు చూసి కట్టండి

ముందే చెబుతున్నాను, నాకు చదువుకున్నవాళ్ళంటే మహా గౌరవం. చదువుకున్నవాళ్ళు చేసే పనులు చదువురానివాళ్ళు ఏడు జన్మలెత్తినా చెయ్యలేరు. నిదానం కంపెనీ మా ఊరికి వచ్చి వెళ్ళాక ఆ సంగతి నాకు మరీ బాగా అర్థమైంది.

నా పేరు గ్రంధి సుబ్బరత్నం. మండపేట ఆర్టీసీ బస్టాండు ఎదురుగా మా కొట్టు. గిన్నెలు, కుక్కర్లు, మిక్సీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్ముతాం. మా ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని పంచాంగం చదువుతారు. మిగతా పనులన్నీ నేను చూస్తాను.

ఒకరోజు పొద్దున్నే కొట్టులోకి ఓ కుర్రాడు నల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. వెనక ఇంకో నలుగురైదుగురు, అందరూ నల్లబట్టలే. అయ్యప్ప మాల వేసుకున్నారనుకుని “రండి స్వామీ” అనబోయి కాళ్ళకేసి చూశాను. బూట్లున్నాయి.

“నమస్తే మేడమ్. నా పేరు నిశ్చల్, నిదానం కంపెనీ ఫౌండర్ని. మీ టౌన్‌ని డిస్రప్ట్ చెయ్యడానికి వచ్చాం,” అన్నాడు.

“ఎందుకు నాయనా? మేమేం చేశాం?” అన్నాను.

అదేం శిక్ష కాదట, సేవేనట. జనం మా కొట్టులో సామాను తీసుకుంటారు. మాకు రావలసిన డబ్బు వారం తిరక్కుండా కంపెనీ వాళ్ళు కట్టేస్తారు. కొన్నవాళ్ళు కంపెనీకి తర్వాత కట్టుకుంటారు. నేను కమీషను కింద కొంచెం వదులుకోవాలి. వినడానికి బాగానే ఉంది. మా ఆయన పంచాంగం చూసి దశమి బాగుందన్నారు. ఒప్పుకున్నాం.

“ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి” అని కొట్టు ముందు బోర్డు పెట్టారు. వారమైనా ఒక్కరూ రాలేదు. తర్వాత అంటే ఎప్పుడో తెలియక జనం భయపడ్డారు. నల్లబట్టల కుర్రాళ్ళు మా కొట్టులోనే లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ మనసులు పరిశోధించడం మొదలుపెట్టారు. ట్రాక్టర్లు బాగుచేసే చిట్టూరి సత్తిరాజు అప్పుడే ఫ్రిజ్ బేరం చెయ్యడానికి వచ్చాడు. రెండేళ్ళుగా అదే ఫ్రిజ్‌ని బేరం చేస్తున్నాడు.

“సార్, బాకీ కట్టడానికి నెలలో ఏ తారీఖైతే మీకు కంఫర్టబుల్‌గా ఉంటుంది?” అని అడిగాడు నిశ్చల్.

“తారీఖేంటండీ బాబూ!” అన్నాడు సత్తిరాజు. “ఇంట్లోంచి డబ్బు బయటికెళ్ళాలంటే మంచిరోజు చూసుకోవద్దేంటండీ?”

నిశ్చల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “ఇన్‌సైట్!” అని అరిచాడు. కుర్రాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తన వెనక ఎవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని సత్తిరాజు తిరిగి చూసుకున్నాడు.

నాలుగు రోజులు తిరక్కుండా బోర్డు మారింది. “ఇవాళే పట్టుకెళ్ళండి, మంచిరోజు చూసి కట్టండి!” బోర్డు మారితే మారింది, ఒప్పందం కూడా మార్చారు. కొనుగోలుదారు తన ఆచార సంప్రదాయములను అనుసరించి, మంచిరోజు చూసుకుని బాకీ చెల్లించవలెను. అంతే. తారీఖు లేదు, వడ్డీ లేదు. హైదరాబాదులో వాళ్ళ లాయరుగారు ‘మంచిరోజు’ అంటే బ్యాంకులు తెరిచి ఉండే రోజని అర్థం చేసుకుని సంతకం పెట్టారట. పాపం, ఆయన తెలుగువారు కారు.

నేను నిశ్చల్‌ని పక్కకి పిలిచాను. “బాబూ, ఇలాగైతే డబ్బు వస్తుందంటావా?” అని అడిగాను.

“మేడమ్, మేం అమ్మేది నమ్మకం.”

“మరి డబ్బో?”

“అది ఫీచర్ మేడమ్. తర్వాతి వెర్షన్‌లో వస్తుంది.”

సత్తిరాజు ఆ సాయంత్రమే ఫ్రిజ్ పట్టుకెళ్ళాడు. మర్నాడు వాషింగ్ మెషీన్‌కి వచ్చాడు. ఆ వారంలోనే వాళ్ళ బావమరిది, బావమరిది వియ్యంకుడు, ఆ వియ్యంకుడికి పాలు పోసే ఆవిడ, అందరూ వచ్చారు. మున్సిపల్ కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధిలో ఇంటింటికీ వాషింగ్ మెషీన్ వెలిసింది. కొందరు వాటిలో బియ్యం పోసుకున్నారు. ఎలకలు చేరవట. నేను ముప్ఫై ఏళ్ళలో చూడని వ్యాపారం మూడు నెలల్లో చూశాను. కంపెనీ వాళ్ళు కూడా చెప్పినట్టే వారంవారం నాకు డబ్బు పంపారు. దాంతో నాకూ ధైర్యం వచ్చింది. కొట్టు కాగితాలు బ్యాంకులో పెట్టి విజయవాడ నుంచి లారీలతో సరుకు దింపించాను.

హైదరాబాదులో కంపెనీ విజయోత్సవమంటే నన్నూ పిలిచారు. పెద్ద హాలు. ఎదర గోడంత తెర. తెరమీద గుమ్మడికాయంత సున్నా.

“ఇది మా మొండిబకాయిల శాతం,” అన్నాడు నిశ్చల్. “అప్పులిచ్చే కంపెనీల చరిత్రలో ఇలాంటి సున్నా ఎవరూ చూసి ఉండరు.”

బొంబాయి నుంచి వచ్చిన పెట్టుబడిదారుగారు నోరు తెరిచి, “ఇదెలా సాధించారు?” అన్నారు.

“చాలా సింపుల్ సార్. గడువు దాటితేనే కదా మొండిబకాయి! మేం గడువునే తీసేశాం.”

హాలంతా లేచి నిలబడింది. పెట్టుబడిదారుగారు కళ్ళు తుడుచుకుని అక్కడికక్కడే రెండు వందల కోట్లు ప్రకటించారు. ఆ రాత్రికి నిదానం కంపెనీ విలువ మండపేటని, చుట్టుపక్కల పొలాలతో సహా కొనెయ్యగలిగినంత అయిందట. నాకు శాలువా కప్పి, మొక్కజొన్న గింజలతో చేసిన ఏదో పెట్టారు. తిన్నాను.

పెట్టుబడిదారులకి ఒక దుర్గుణం ఉంటుంది. డబ్బు పెట్టాక డబ్బు చూడాలనిపిస్తుంది. ఆయన నెల తిరక్కుండా, “నమూనాకి ఒక్కరి చేతైనా కట్టించి చూపించండి,” అన్నారు. కంపెనీలో కలకలం రేగింది. వసూలు అనే మాట వాళ్ళ సంస్కృతికి విరుద్ధం కాబట్టి, వసూలుకి పంపే కుర్రాళ్ళకి ‘ఆనంద దూతలు’ అని పేరు పెట్టి మా ఊరు తోలారు. మొదటి దూత సత్తిరాజు దగ్గరికి వెళ్ళాడు.

“ఇచ్చెయ్యాలనే ఉందండి,” అన్నాడు సత్తిరాజు. “చెయ్యే రావట్లేదండి. మంగళారం కదండీ ఇయ్యాల!”

బుధవారం వెళితే అమావాస్య. గురువారం వాళ్ళావిడ పుట్టింటికి వెళ్ళింది. ఆడమనిషి ఇంట్లో లేనప్పుడు ఇనప్పెట్టె తెరవకూడదట. శుక్రవారం అడిగినందుకు సత్తిరాజు తల్లి దూతని వీధిలో నిలబెట్టి కడిగేసింది. “శుక్రారం పూట లచ్చిందేవిని గెంటెయ్యమంటావా? నీకు తల్లీ తండ్రీ లేరేంట్రా?” శనివారం ఇచ్చినవాళ్ళని శని పట్టుకుంటాడు. ఆదివారం సత్తిరాజు దొరకడు. సోమవారం మంచిదేనని ఒప్పుకున్నాడు గానీ, దూత ట్రాఫిక్‌లో చిక్కుకుని వచ్చేసరికి వాళ్ళావిడ దీపాలు పెట్టేసింది. దీపాలు పెట్టాక ఉప్పే ఇవ్వరు, డబ్బిస్తారా! నేను దూతకి కాఫీ ఇచ్చి పంపించాను. సత్తిరాజు చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ మా ఇంట్లోనూ పాటిస్తాం.

వెనక్కి తగ్గితే వాళ్ళు చదువుకున్నవాళ్ళెలా అవుతారు? కంపెనీలో కొత్త శాఖ పెట్టారు. కొంపెల్ల విశ్వపతి సిద్ధాంతిగారిని ఏసీ గదిలో కూర్చోబెట్టి, చీఫ్ ముహూర్తం ఆఫీసర్ అన్నారు. పొట్టిగా సీఎంఓ. “సీఎంఓ నుంచి మాట్లాడుతున్నామండీ, మండపేటలో పరిస్థితి ఎలా ఉంది?” అని ఒక దూత పొరపాటున మా మున్సిపల్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. కమిషనరుగారు నిలబడి మాట్లాడారట. ఆరేళ్ళుగా పడని మా వీధి రోడ్డు రెండు రోజుల్లో పడింది. నిదానం కంపెనీ వల్ల మా ఊరికి జరిగిన మేలు అదొక్కటే. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

సిద్ధాంతిగారు మా కొట్టుకే వచ్చి పరిస్థితిని సమీక్షించారు. నిశ్చల్ పక్కనే నిలబడి రాసుకున్నాడు.

“పంచాంగమందు వివాహమునకు ముహూర్తమున్నది. గృహప్రవేశమునకున్నది. బోరు వేయుటకు సైతమున్నది. ఋణము తీర్చుటకు మాత్రము ప్రత్యేకించి ఎవ్వరూ పెట్టలేదు,” అన్నారు సిద్ధాంతిగారు. కాస్త ఆగి, ఈమధ్యే నేర్చుకున్న మాట కలిపారు. “ఇది శాస్త్రమందలి మార్కెట్ గ్యాప్.”

ఎవరి జన్మనక్షత్రాన్ని బట్టి వాళ్ళకి ముహూర్తం పెట్టాలని తీర్మానించారు. జనం పుట్టిన తేదీలు ఆధార్ కార్డుల్లోంచి లాగి కంప్యూటరుకి వేశారు. తీరా చూస్తే మా ఊళ్ళో ముప్పాతికమందిది ఒకే పుట్టినరోజు, జూలై ఒకటి. వెనకటి రోజుల్లో బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరుగారు తోచిన సంవత్సరం వేసి, తారీఖు మాత్రం అందరికీ జూలై ఒకటే వేసేవారు. ఆయనకి లెక్క తేలిక. ఈ సంగతి మా ఊళ్ళో పసిపిల్లాడికైనా తెలుసు. కంపెనీకి తెలియదు.

“అద్భుతం!” అన్నాడు నిశ్చల్. “టౌన్ మొత్తానికి ఒకే నక్షత్రం! ఒకే ముహూర్తం!”

సంవత్సరాలు వేరైతే నక్షత్రం ఒకటెలా అవుతుందని సిద్ధాంతిగారు అడగబోయారు. కానీ అప్పటికే ఆయనకి కంపెనీలో వాటాలిచ్చి ఉండటంతో గొంతు సవరించుకుని ఊరుకున్నారు. వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం తొమ్మిది దాటాక సామూహిక ఋణవిమోచన మహోత్సవం అని ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు.

ఈలోగా నా కొంప మీదికి వచ్చింది. వారంవారం రావలసిన డబ్బు ఆగిపోయింది. దాని బదులు ఫోనుకి సందేశం వచ్చింది. “ప్రియమైన భాగస్వామీ! మీ సంప్రదాయమే మా సంప్రదాయం. ఇకమీదట కంపెనీ కూడా తన చెల్లింపులన్నీ మంచిరోజు చూసే చేస్తుందని తెలియజేయడానికి ఆనందిస్తున్నాం. కంపెనీది మూలా నక్షత్రం.”

నాకు రావలసింది పదకొండు లక్షలు. విజయవాడ వాళ్ళు సరుకు ఆపేశారు. బ్యాంకు మేనేజరుగారు ఫోన్ చేసి, వచ్చే నెలాఖరుకి కట్టకపోతే కొట్టుకి తాళం వెయ్యక తప్పదని చెప్పారు. మర్యాదగానే చెప్పారు, అదే ఇంకా భయం వేసింది. ఖాళీ అల్మరాల మధ్య కూర్చుంటే నాకు అన్నం సహించేది కాదు. మా ఆయన పంచాంగం మూసేసి, మొదటిసారి నా మొహంకేసి చూసి, “ఇప్పుడెలాగే?” అన్నారు.

ఇలాంటి కంపెనీలని అదుపులో పెట్టడానికి ఆర్థిక సౌలభ్య పర్యవేక్షక మండలి అని ఒకటుందట. అక్కడికి ఫిర్యాదు పంపాను. జవాబు త్వరగానే వచ్చింది. “తమరి ఫిర్యాదు అందినది. అయితే ‘మంచిరోజు’ అను పదము ఏ చట్టమందును నిర్వచింపబడనందున, కంపెనీ వారు ఆలస్యము చేసినట్లు గాని, చేయనట్లు గాని భావించుటకు వీలుపడదు. సదరు పదమును నిర్వచించుటకై ఉపసంఘము నియమింపబడినది. ఉపసంఘము ఒక శుభదినమున సమావేశమగును.”

ఇక నాకు మిగిలిన ఆశ ఆ ఆదివారం ఒక్కటే. జనం కడితే కంపెనీకి డబ్బొస్తుంది, కంపెనీకొస్తే నాకొస్తుంది. తెల్లవారకముందే తలంటుకుని కళ్యాణమండపానికి వెళ్ళాను. మామిడాకులు, అరటిబోదెలు, వేదిక మీద సిద్ధాంతిగారు, పక్కన పట్టుపంచెలో నిశ్చల్. పంచెకి బెల్టు కట్టుకున్నాడు. సన్నాయి మేళం వాళ్ళు మాత్రం డబ్బు ముందే పుచ్చుకుని గానీ సన్నాయి నోట పెట్టలేదు. వాళ్ళు ఏం చదువుకున్నారో కనుక్కోవాలి.

మా ఊరివాళ్ళని ఒక్కమాట అననివ్వను. అందరూ వచ్చారు. కొత్తబట్టలు కట్టుకుని, నోట్లకి పసుపు బొట్లు పెట్టి, పిల్లాపాపలతో వచ్చారు. సత్తిరాజైతే తల్లిని కూడా తీసుకొచ్చాడు. “మంచిరోజు పెడితే కట్టనోడెవడండీ రత్నంగోరూ? మనం మాటంటే మాటండీ!” అన్నాడు. నోట్లు బల్ల మీద దూతల ముందు పెట్టి, అదే క్షణంలో ఫోనులో కంపెనీ యాప్ నొక్కాలి. నొక్కితేనే కట్టినట్టు. నొక్కకముందు నోటు ముట్టుకోకూడదని దూతలకి కంపెనీ ఆజ్ఞ.

“సుముహూర్తే!” అన్నారు సిద్ధాంతిగారు. మేళం హోరెత్తింది. మండపమంతా ఒక్కసారి వేలు పెట్టి నొక్కింది. అందరి ఫోన్లలోనూ ఒకే చక్రం, గిరగిరా తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. మేళం రెండుసార్లు తారస్థాయికి వెళ్ళి దిగింది. నిశ్చల్ ఎవరికో ఫోన్ చేసి, “సర్వర్ ఎందుకు ఆపారు?” అని అరిచాడు. సర్వర్ వాళ్ళకి కూడా కంపెనీ మంచిరోజు చూసే కడతానందట.

చక్రం తిరుగుతుండగానే సిద్ధాంతిగారు గడియారం చూసుకుని మైకులో ప్రకటించారు. “ముహూర్తము దాటినది. వర్జ్యము ప్రవేశించినది. ఎవ్వరునూ చెల్లించరాదు.”

“మరి ఈ డబ్బేం చెయ్యమంటారండీ?” అని అడిగాడు సత్తిరాజు.

“సంకల్పించి బయటికి తీసిన సొమ్ము తిరిగి ఇంట పెట్టుట అరిష్టము,” అన్నారు సిద్ధాంతిగారు. శాస్త్రం కదా, దాచుకోలేదు.

జనమంతా అటునుంచి అటే బంగారం కొట్టుకి వెళ్ళారు. కొందరు పోతూపోతూ మా కొట్టుకేసి కూడా చూశారట. అమ్మడానికి నా దగ్గర గరిటె కూడా లేదు.

మధ్యాహ్నానికి బొంబాయి పెట్టుబడిదారుగారు తప్పుకున్నారని తెలిసింది. నల్లబట్టల కుర్రాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. సిద్ధాంతిగారు దక్షిణ అడిగి, లేదనిపించుకుని బస్సెక్కారు. ఖాళీ కుర్చీల మధ్య నిశ్చల్ ఒక్కడే మిగిలాడు. నేను వెళ్ళి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“బాబూ, నా పదకొండు లక్షలు.”

“మేడమ్, మీరు మా ఫ్యామిలీ. కంపెనీ నక్షత్రానికి కార్తీకం దాటాక బాగుంటుంది.”

“నెలాఖరుకి నా కొట్టుకి తాళం వేస్తారు నాయనా.”

“మీ బాధ నాకు వినపడుతోంది మేడమ్.”

“వినపడకేం, పక్కనే ఉన్నాగా!”

అప్పటిదాకా నవ్వుకుంటూ నెట్టుకొచ్చినదాన్ని, అక్కడ నిజంగా ఏడుపొచ్చింది. పెళ్ళై వచ్చిన కొత్తలో నాలుగు గిన్నెలతో మొదలుపెట్టిన కొట్టు. కోపం కూడా వచ్చింది. కానీ ఆ మొహం చూస్తే తిట్టాలనిపించలేదు. పంచె ఊడిపోతుందేమోనని ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఇంతకాలం వీడిని అడగవలసింది అడగనేలేదని అప్పుడు తట్టింది.

“ఇంతకీ నువ్వు ఎవరి తాలూకు బాబూ? ఇంటిపేరేంటి?”

“వేగేశ్న.”

“వేగేశ్నవారబ్బాయివై ఉండి నిదానం పెట్టావా! ఏ ఊరు?”

“హైదరాబాద్... అంటే, అమ్మావాళ్ళది ఆకివీడు.”

“అమ్మగారున్నారన్నమాట. నంబరు చెప్పు.”

కోట్లు పోయాయన్నప్పుడు కూడా చెదరని మొహం ఒక్కసారి పాలిపోయింది. “మేడమ్, ఇది ప్రొఫెషనల్ కాదు. అమ్మకి ఇవన్నీ... మేడమ్, ప్లీజ్,” అంటూ లేచి, పంచె పట్టుకుని కారు దగ్గరికి పరిగెత్తాడు.

నంబరు ఇవ్వకపోతే దొరకదా? మా తోటికోడలి అన్నగారికి ఆకివీడులో ఎరువుల కొట్టుంది. ఆయనకి ఫోన్ చేశాను. అయిదు నిమిషాల్లో రెండో ఫోన్ చేశాను. అవతల వాళ్ళమ్మే ఎత్తింది.

“నిశ్చల్ అంటే మావాడేనండీ,” అంది సుభద్రమ్మగారు. “హైదరాబాదులో బ్యాంకులాంటి దాంట్లో పెద్ద ఉద్యోగం చేత్తన్నాడండి. ఏంటండీ, సంబంధమేదైనా ఉందేంటండీ?”

“సంబంధం కాదండీ. మీవాడు మాకు పదకొండు లక్షలు బాకీ. మంచిరోజు చూసి ఇస్తానంటున్నాడు.”

అటువైపు టీవీ కట్టేసిన చప్పుడైంది.

“ఆడకూతురి సొమ్మా అండీ?”

“అవునండీ.”

“నాలుగు రోజులు ఓపిక పట్టండమ్మా,” అని పెట్టేసింది.

శుక్రవారం వచ్చింది. ఉదయం పదకొండు గంటలు. మా ఆయన పంచాంగం చూసి రాహుకాలం వచ్చింది, ఇంకా బోణీ లేదని నిట్టూర్చారు. సరుకే లేనప్పుడు బోణీ ఎక్కడిది, ఊరుకోండి అంటున్నాను, గుమ్మంలో నిశ్చల్ కనిపించాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. తలకి ఆముదంలా నూనె పట్టించి పాపిడి తీసి ఉంది. చెవి ఎర్రగా కందిపోయి ఉంది. చేతిలో గుడ్డసంచి.

“పదకొండు లక్షలూ ఉన్నాయండీ. కారు అమ్మేశాను,” అని సంచి నా ముందు పెట్టాడు.

నా గుండెలమీద బండ దిగిపోయింది. దణ్ణం పెట్టి తీసుకోబోయాను గానీ, ఇన్నాళ్ళు పడ్డ బాధకి ఒక్కమాటైనా అనకపోతే నా నోరు ఊరుకుంటుందా!

“శుక్రవారం కదా నాయనా! పైగా రాహుకాలం. ఇంట్లోంచి లక్ష్మిని ఎలా పంపిస్తున్నావు? మీ సిద్ధాంతిగారు ఒప్పుకున్నారా?”

నిశ్చల్ ఒకసారి వెనక్కి తిరిగి వీధికేసి చూసి, సంచిని ఇంకాస్త నా ముందుకు నెట్టాడు.

“తీసేసుకోండి ఆంటీ, మీకు పుణ్యముంటుంది. అమ్మ బయట ఆటోలో కూర్చుంది.”